మొదటి ఆరు నెలలు మమ్మల్ని ఫలితాలు అడగకండి: విదేశాలకు వాలంటీర్లను పంపే సంస్థలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంస్థల నిర్వాహకులకు, శిక్షణ బాధ్యులకు, మేము పంపే నివేదికలను చదివి విలువ కట్టే కార్యక్రమ అధికారులకు,

నమస్కారాలు.

నేను విదేశంలో, ఒక కొండ ప్రాంతపు గ్రామంలో, అభివృద్ధి కార్యక్రమంలో రెండేళ్లపాటు వాలంటీరుగా పనిచేసి తిరిగి వచ్చాను. ఆ దేశం పేరు, నన్ను పంపిన సంస్థ పేరు ఈ లేఖలో రాయడం లేదు. ఊరి ఆచూకీ తెలిస్తే అక్కడి మనుషులను గుర్తుపట్టడం కష్టం కాదు, తమ గురించి రాయడానికి వారి అనుమతి నేను తీసుకోలేదు. ఇక సంస్థ విషయానికొస్తే, నేను చెప్పబోయే లోపం దానికొక్కదానికే పరిమితం కాదని, ఇదే పని మీద వేరే దేశాలకు వెళ్లివచ్చిన మిత్రులతో మాట్లాడిన తరువాత నాకు రూఢి అయింది. ఐక్యరాజ్యసమితి 2026ను సుస్థిరాభివృద్ధి కోసం అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల సంవత్సరంగా ప్రకటించింది. మా సేవను గురించి సభల్లో ఎన్నో మంచి మాటలు వినిపించే సందర్భమే ఇటువంటి సంగతి మీ ముందు పెట్టడానికి తగిన సమయమని నాకు తోచింది.

నేను అడిగేది ఒక్కటే. వాలంటీరు కొత్త దేశంలో అడుగుపెట్టాక మొదటి ఆరు నెలలు ఏ ఫలితమూ చూపమనకండి. ఆ కాలాన్ని భాష నేర్చుకోవడానికి, ఆ ఊరిలో ఒక మనిషిగా బతకడం అలవాటు చేసుకోవడానికి పూర్తిగా వదిలిపెట్టండి. ఆ తరువాత ఆ వాలంటీరు చేయవలసిన పని ఏమిటో, అసలు అక్కడ ఉండాలో వద్దో ఆ ఊరివారినే నిర్ణయించనివ్వండి.

ఈ మాట నా చేత అనిపించిన సంఘటన చెబుతాను. నేను ఊరు చేరిన ఆరో వారంలోనే తాగునీటి ట్యాంకు విషయమై అందరినీ సమావేశపరిచాను. మూడు నెలలు పూర్తయ్యేసరికి మొదటి నివేదిక పంపాలి, అందులో ‘ప్రారంభించిన పనులు’ అనే గడి నింపాలి. ఆ గడి నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఊరికి పైనున్న ఊట దగ్గర ట్యాంకు కడితే ఆడవాళ్లకు రోజూ రెండుసార్లు కొండెక్కి దిగే శ్రమ తప్పుతుందని నేను లెక్క వేశాను. వచ్చినవారందరూ శ్రద్ధగా విన్నారు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ వారి భాషలో ‘అవును’ అనే సమాధానమే వచ్చింది. ఆ రాత్రే ఎంతో ఉత్సాహంగా నివేదిక రాశాను. తవ్వకం మొదలుపెట్టాలని అనుకున్న రోజున ఒక్కరు కూడా రాలేదు. మరుసటి వారమూ అంతే. నేను మొదట నొచ్చుకున్నాను, తరువాత కోపం తెచ్చుకున్నాను, ఆ కోపంలో ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆ మనుషులను గురించి చాలా అన్యాయమైన మాటలు రాశాను.

ఎనిమిదో నెలలో, భాష కాస్త పట్టుబడిన తరువాత, నాకు గది అద్దెకిచ్చిన పెద్దావిడ అసలు సంగతి విడమరచి చెప్పింది. అక్కడ నలుగురిలో ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు అనే ‘అవును’కు ‘నీ మాట విన్నాను’ అని అర్థమే గాని ‘ఒప్పుకున్నాను’ అని కాదు. ఒప్పుకోలుకు వాడే మాట వేరే ఉంది, అది ఆ సమావేశంలో ఎవరి నోటి వెంటా రాలేదు. పైగా నేను ఎంచుకున్న స్థలం రెండు కుటుంబాల తగాదాలో ఉంది. అక్కడ గునపం దించినవారు ఒక కుటుంబం పక్షాన నిలబడినట్టే లెక్క. ఈ విషయం ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. “నువ్వు అప్పటికే కాగితం మీద రాసుకున్నావు కదా” అన్నది ఆమె. ఆ మాటలో నిష్ఠూరం లేదు. రాసిపెట్టుకుని వచ్చిన మనిషి అడిగేది సలహా కాదని, సంతకమని ఆ ఊరికి అంతకుముందే అనుభవం ఉంది. నాకు ముందు మరి ఇద్దరు వాలంటీర్లు అక్కడ పనిచేసి వెళ్లారు.

నాకు దొరికిన భాషా శిక్షణ పన్నెండు రోజులు. పన్నెండు రోజుల్లో పలకరింపులు, అంకెలు, దారి అడగడం, ఒంట్లో బాగాలేదని చెప్పడం నేర్చుకోవచ్చు. ఒక భూమి తగాదాను అర్థం చేసుకోవడానికి కావలసిన భాష వేరు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యోద్యోగులకు భాషలు నేర్పడానికి ఎంత సమయం పడుతుందో దశాబ్దాల అనుభవంతో లెక్క కట్టింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఉద్యోగానికి పనికివచ్చే స్థాయిలో స్వాహిలీ నేర్చుకోవడానికి సుమారు 36 వారాలు, హిందీ, తెలుగు వంటి భాషలకు సుమారు 44 వారాలు, అంటే 1,100 తరగతి గంటలు, అరబిక్, జపనీస్ వంటి వాటికి 88 వారాలు కావాలని ఆ లెక్క చెబుతుంది. అది కూడా వేరే పనేదీ లేకుండా, జీతమిచ్చి, గురువులను పెట్టి చదివించినప్పటి మాట. విదేశాలకు వాలంటీర్లను పంపే అదే దేశపు ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ తన వాలంటీర్లకు 27 నెలల కాలంలో సుమారు మూడు నెలలు శిక్షణకు కేటాయిస్తుంది. ఆ శిక్షణలో చాలా భాగం వెళ్లిన దేశంలోనే, స్థానిక కుటుంబాల మధ్యనే జరుగుతుంది. మనలో చాలామందికి దొరికేదానితో పోలిస్తే అది ఎంతో మేలైన ఏర్పాటు. ఆ ఏర్పాటు కూడా చాలదని నేనంటే అత్యాశ అనిపించవచ్చు. కాని దౌత్యవేత్తకు దుబాసీ ఉంటాడు, కార్యాలయం ఉంటుంది, తప్పు మాట్లాడితే సరిదిద్దే సహోద్యోగి ఉంటాడు. వాలంటీరుకు ఇవేవీ ఉండవు. ఊరి మనుషుల ఓర్పు ఒక్కటే ఉంటుంది, దానికీ ఒక హద్దు ఉంటుంది.

భాష ఒక ఎత్తయితే మనసు కుదుటపడటం మరొక ఎత్తు. కెనడాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త కలెర్వో ఓబర్గ్ 1960లో ప్రచురించిన వ్యాసంలో కొత్త సంస్కృతిలో మనిషికి కలిగే దిగ్భ్రాంతిని నాలుగు దశలుగా వివరించాడు. మొదట అంతా అందంగా కనిపిస్తుంది. తరువాత ప్రతిదీ చికాకు పెడుతుంది, మనిషి ఆ దేశాన్ని నిందించడం మొదలుపెట్టి తన దేశస్థుల గుంపులోకి ముడుచుకుంటాడు. ఆపైన మెల్లగా కోలుకుంటాడు, చివరకు అక్కడి జీవితాన్ని అదీ ఒక బతుకు తీరేనని స్వీకరిస్తాడు. అందరికీ ఇదే వరుసలో జరగదని, కొందరికి మొదటి రోజుల్లోనే ఎక్కువ కష్టంగా ఉంటుందని తరువాతి పరిశోధకులు చూపించారు. నా మటుకు నాకు ఓబర్గ్ చెప్పిన రెండో దశ మూడో నెలకూ ఏడో నెలకూ మధ్య వచ్చింది. పొద్దున లేవగానే కిటికీ బయట వినిపించే భాష ఒక గోడలా అనిపించేది. ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వారనుకునేదాన్ని. రెండుసార్లు జ్వరం వచ్చి ఒంటరిగా పడుకున్న రోజుల్లో, ఇంత దూరం వచ్చి వీరికి నేను చేస్తున్నదేమిటన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. మీ క్యాలెండరులో మొదటి నివేదిక, రెండో నివేదిక రెండూ సరిగ్గా ఈ కాలంలోనే పడతాయి. మనిషి తీర్పు అన్నిటికంటే బలహీనంగా ఉన్న సమయంలో, ఒక ఊరి అవసరాలేమిటో తేల్చి రాయమని మీరు అడుగుతున్నారు. ఇది మీ దృష్టికి ఎందుకు రాలేదోనని నేను చాలాసార్లు ఆలోచించాను. బహుశా ఆ నెలల్లో మేము రాసే నివేదికలే అన్నిటికంటే ధీమాగా ఉంటాయి కాబట్టి కావచ్చు.

ఇది ఈనాటి కొత్త సమస్య కాదు. 1961 మార్చిలో పీస్ కోర్ ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరులో, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శిక్షణ పొంది నైజీరియాలోని ఇబాదాన్‌కు వెళ్లిన ఒక యువ వాలంటీరు, తాను చూసిన జీవన పరిస్థితులను చాలా కించపరిచే మాటలతో వర్ణిస్తూ ఇంటిదగ్గరి స్నేహితుడికి ఒక పోస్టుకార్డు రాసింది. ఆ కార్డు తపాలాకు చేరకముందే అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థుల చేతికి చిక్కింది. వారు దానికి ప్రతులు తీసి పంచారు, ఈ వాలంటీర్లను వెనక్కి పంపాలని నిరసన తెలిపారు, ఆమె క్షమాపణ చెప్పి దేశం విడిచి వెళ్లింది. ఆమెను తప్పుపట్టడానికి ఈ సంఘటన గుర్తు చేయడం లేదు. నేను నా కోపపు ఉత్తరాలను మూసిన కవరులో పెట్టాను, ఆమె కార్డు మీద రాసింది, మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే. దేశంలో అడుగుపెట్టిన తొలి రోజుల్లో మనిషికి కలిగే అభిప్రాయాలు ఎంత పచ్చివో, వాటి మీద ఏదీ కట్టకూడదని ఎందుకంటున్నానో చెప్పడానికే ఇది ప్రస్తావించాను.

ఆ పచ్చి అభిప్రాయాల మీద నిజంగానే కట్టిన వాటి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటుంటే భూగర్భ జలం పైకొచ్చే పంపు ఒకటి ఒకప్పుడు గొప్ప పేరు తెచ్చుకుంది. ఆఫ్రికాలో 2010 నాటికి అటువంటివి 4,000 పెట్టాలని 2006లో పెద్ద ఎత్తున నిధులు ప్రకటించారు. పిల్లలు రోజంతా ఆడరు, ఆడనప్పుడు ఆ బరువైన చక్రాన్ని ఆడవాళ్లే చేతులతో తిప్పుకోవలసి వచ్చింది, చెడిపోతే బాగుచేసేవారు దగ్గరలో లేరు, చాలాచోట్ల అంతకుముందు బాగానే పనిచేస్తున్న చేతిపంపును తీసేసి దీన్ని పెట్టారు. ఆ పథకం లక్ష్యానికి చాలా దూరంలోనే ఆగిపోయింది. మామూలు చేతిపంపుల మాటకొచ్చినా, సహారాకు దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో దాదాపు మూడింట ఒక వంతు పనిచేయడం లేదని 2009లో ఒక అంచనా వెలువడింది. పంపు పెట్టడం ఒక రోజు పని, దాని వాషరు పదేళ్లపాటు ఎవరు మారుస్తారన్నది ఊరి లోపలి సంబంధాలకు సంబంధించిన విషయం. ఆ సంబంధాలు కొత్తగా వచ్చినవారికి ఆరు వారాల్లో కనిపించవు.

బ్రిటిష్ అభివృద్ధి అధ్యయనవేత్త రాబర్ట్ ఛాంబర్స్ 1980లలో ఈ కనిపించకపోవడాన్ని చాలా నిశితంగా వివరించాడు. బయటినుంచి వచ్చినవారు తారురోడ్డు పక్క ఊళ్లనే చూస్తారు, వానలు లేని కాలంలోనే వస్తారు, మగవారితోనూ పలుకుబడి ఉన్నవారితోనూ మాట్లాడి వెళతారు. పేదరికం ఎక్కువగా ఉన్నది రోడ్డుకు దూరంగా, ఎక్కువ బాధపెట్టేది వానాకాలంలో, ఎక్కువ భారం పడేది మాట్లాడే అవకాశం లేనివారి మీద. మా ఊరి ఊట దగ్గరి దారి నాలుగు నెలలపాటు బురదలో మునిగి నడవడానికే వీలుకాదని, ఆ కాలంలో ఊరు వేరే నీటిని వాడుకుంటుందని నాకు ఒక వానాకాలం గడిచాకే తెలిసింది. నేను లెక్క వేసిన ట్యాంకు ఆ నాలుగు నెలలూ ఎవరికీ అందుబాటులో ఉండేది కాదు. అందుకే ఒక వాలంటీరు తాను ఉండబోయే చోట కనీసం ఒక కష్టకాలాన్ని, అది వానలు కావచ్చు, ఎండలు కావచ్చు, చలి కావచ్చు, పని లేని నెలలు కావచ్చు, కళ్లారా చూడకముందు ఏ ప్రతిపాదన రాసినా దాన్ని మీరు ఆమోదించవద్దని నా విన్నపం.

కొద్ది వారాల యాత్రల గురించి ఎక్కువ రాయను. వాటిలో ఒక్కదాన్ని మాత్రం దాటవేయలేను. అనాథాశ్రమాల్లో పిల్లలతో రెండు వారాలు గడిపి రావడాన్ని సేవగా అమ్మే కార్యక్రమాలు ఇంకా నడుస్తున్నాయి. అటువంటి ఆశ్రమాల్లో ఉండే పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉన్నారని పిల్లల హక్కుల సంస్థలు ఎన్నాళ్లుగానో చెబుతున్నాయి. సందర్శకుల డబ్బు కోసమే పిల్లలను ఇళ్లనుంచి తెచ్చిపెట్టిన ఉదంతాలు బయటపడ్డాయి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం కూడా పిల్లల హక్కులపై చేసిన తీర్మానంలో ఈ రకపు స్వచ్ఛంద సేవ వల్ల కలిగే హానిని ప్రస్తావించింది. మీలో ఎవరైనా ఇంకా ఇటువంటి యాత్రలు నడుపుతుంటే, దయచేసి ఈ ఏడాదే ఆపండి.

ఇవన్నీ చదివి, అసలు వెళ్లకపోతేనే మంచిది కదా అని ఎవరైనా అనవచ్చు. 1968 ఏప్రిల్‌లో మెక్సికోలోని క్వెర్నవాకాలో అమెరికన్ విద్యార్థి వాలంటీర్ల ముందు మాట్లాడుతూ, ఆస్ట్రియాలో పుట్టిన ఆలోచనాపరుడు ఇవాన్ ఇల్లిచ్ సరిగ్గా ఆ మాటే అన్నాడు. చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దన్నది ఆయన ప్రసంగం సారాంశం. తిరిగి వచ్చిన మొదటి నెలల్లో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించాను. ఇప్పుడు సగమే ఏకీభవిస్తున్నాను. నేర్చుకోవడానికి వచ్చిన మనిషి చేత ఒక రోజు ఊరే ఒక పని చేయించుకుంటుంది, ఆ రోజు వచ్చేదాకా ఆగగలిగితే ఆ పని వృథా పోదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత, 1920లో, స్విట్జర్లాండ్‌కు చెందిన శాంతివాది పియెర్ సెరెసోల్ వెర్డన్ దగ్గర ధ్వంసమైన ఒక ఫ్రెంచి గ్రామాన్ని తిరిగి కట్టడానికి కొద్దిమందితో వెళ్లాడు. వారిలో జర్మన్లు కూడా ఉన్నారు. నిన్నటి శత్రుదేశస్థుల రాక పట్ల వచ్చిన వ్యతిరేకత వల్ల కొన్ని నెలలకే ఆ శిబిరం ఆగిపోయింది. ఆయన ఉద్దేశం మంచిది, చేతిలో పలుగూ పారా ఉన్నాయి, అయినా అక్కడివారు ఇంకా సిద్ధంగా లేరు. అదే సెరెసోల్ 1934 భూకంపం తరువాత బీహారుకు వచ్చి, స్థానిక సహాయ సంఘాలతో కలిసి పల్లెలను తిరిగి కట్టే పనిలో పాలుపంచుకున్నాడు. ఈసారి పని ఇక్కడివారిది, ఆయన దానికి తోడు నిలిచాడు. మొదటి శిబిరం ఆగిపోయినందుకు ఆయన వెనుదిరిగిపోలేదన్నది నాకు ఎప్పుడూ ధైర్యాన్నిచ్చే విషయం.

నా విషయంలో ఆ రోజు పదిహేనో నెలలో వచ్చింది. ఊరికి దిగువన చాలా ఏళ్లుగా పాడుబడి ఉన్న పాత పైపులైనును బాగుచేసుకోవాలని ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకుని, జిల్లా కార్యాలయానికి పెట్టవలసిన దరఖాస్తు రాయడంలోనూ లెక్కల పుస్తకం పెట్టడంలోనూ సాయం చేయమని నన్ను అడిగారు. అప్పటికి నాకు ఆ భాషలో దరఖాస్తు రాయడం వచ్చు, ఎవరి పేరు ముందు రాయాలో, ఎవరి పేరు పక్కన ఎవరి పేరు రాయకూడదో తెలుసు. నేను చేసినదంతా నాలుగు కాగితాలు, ఒక పుస్తకం, కార్యాలయానికి వారితో కలిసి ఆరుసార్లు నడక. పైపు తవ్వినదీ, అతికినదీ, ఇప్పటికీ చూసుకుంటున్నదీ వారే. నా రెండేళ్లలో ఎవరికైనా పనికివచ్చిన పని అదొక్కటే, మీ నివేదికలో దానికి గడి లేదు. ‘నిర్మించినవి’ దగ్గర సున్నా, ‘శిక్షణ పొందినవారు’ దగ్గర సున్నా రాసి పంపాను. నా పనితీరు ఆశించిన స్థాయిలో లేదని సమాధానం వచ్చింది.

ఆ సమాధానం రాసిన అధికారి మీద నాకు కోపం లేదు, ఆయన ముందున్న కాగితం ప్రకారం ఆయన చెప్పింది సరైనదే. ఆ కాగితాన్నే మార్చమని అడుగుతున్నాను. మొదటి ఆరు నెలలకు ఒక్క ప్రశ్న చాలు: ఎవరెవరిని కలిశావు, వారి దగ్గర ఏం తెలుసుకున్నావు. దాతలకు చూపించడానికి అది చాలదని మీరంటారని నాకు తెలుసు. అయితే ఆ ఆరు నెలల ఖర్చును శిక్షణ ఖర్చుగానే ముందే దాతల ముందు పెట్టండి. ఊరివారితో మాట్లాడేటప్పుడు, వద్దు అనే హక్కు వారికుందని, వద్దన్నందువల్ల తమకు రావలసిన మరే సహాయమూ ఆగదని, వారి భాషలో, వాలంటీరు ఎదుట లేనప్పుడు చెప్పండి. ఆ ఎదుట లేనప్పుడు అన్నదే ముఖ్యం, దూరం నుంచి వచ్చిన పిల్ల మొహం చూస్తూ వద్దనడం ఎవరికైనా కష్టం. ఆరు నెలల తరువాత వెనక్కి పంపమని ఊరు కోరితే దాన్ని వాలంటీరు వైఫల్యంగా నమోదు చేయకండి. వాలంటీరు పక్కన స్థానికంగా ఒకరిని జతగా పెట్టి, ఆ ఇద్దరికీ ఒకే హోదా ఇవ్వండి. నా పక్కన పనిచేసిన యువతికి నాకంటే ఎంతో ఎక్కువ తెలుసు, కాగితాల్లో ఆమె నా ‘సహాయకురాలు’. తిరిగి వచ్చాక మేము మా సొంత ఊళ్లోనే పరాయివాళ్లమైపోయే కాలం ఒకటుంటుంది. అప్పుడు మాట్లాడటానికి ఒక మనిషిని ఏర్పాటు చేయండి. దీనికి ఖర్చు కూడా పెద్దగా కాదు.

సేవాకాలాన్ని కూడా పునరాలోచించమని కోరుతున్నాను. ఆరు నెలలు నేర్చుకోవడానికి పోతే ఏడాది పంపడంలో అర్థం లేదని లెక్క తేలుతుంది. ఆ లెక్క నిజమే. జపాన్ తన విదేశీ సహకార వాలంటీర్లను 1965 నుంచి సాధారణంగా రెండేళ్లకే పంపుతోంది. రెండేళ్ల కంటే తక్కువ కాలానికి గ్రామాభివృద్ధి పనికి ఎవరినీ పంపవద్దు. అంతకాలం ఉండలేనివారు ఏదైనా చేయాలనుకుంటే, వారి ప్రయాణపు డబ్బు అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న స్థానిక కార్యకర్త జీతానికి చేరేలా మార్గం చూపండి.

నా నివేదికల ప్రతులు అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఆరో వారంలో రాసిన ఆ మొదటి నివేదిక కూడా ఉంది, అందులో ‘స్థానిక ప్రజల పూర్తి అంగీకారంతో’ అని నేను రాసిన వాక్యం ఉంది. మీ శిక్షణ తరగతుల్లో కొత్త వాలంటీర్లకు చూపించడానికి అది పనికివస్తుందనుకుంటే పంపగలను. మీరు పిలిస్తే నేనే వచ్చి, ఆ వాక్యం ఎలా రాశానో వారికి చెప్పగలను.

ఇట్లు,
భవదీయురాలు,
రెండేళ్ల సేవ ముగించుకుని తిరిగివచ్చిన ఒక వాలంటీరు